ఇంటి బండి: ఫ్యాను తిరుగుతోంది, కాని గాలి లాగుతోందా?



క్రిందటి సంచికలో బ్యాటరీ సంగతి చెప్పుకున్నాం. ఈసారి ఇంజనును చల్లబరిచే ఫ్యాను గురించి చెప్పుకుందాం. ముందుగా నా అనుభవమే చెబుతాను. ఇందులో తప్పు చేసినవాణ్ణి నేనే కనుక సిగ్గుపడకుండా చెప్పవచ్చు.

ఒక వేసవిలో విజయనగరంలో పెళ్ళి చూసుకుని జయపురానికి తిరిగి వస్తున్నాం. మాది ఇరవై ఏళ్ళ పాత డీజిలు బండి. మనుషులం ఏడుగురం. మా అత్తగారికి అప్పటికే డెబ్భై ఎనిమిదేళ్ళు. సాలూరు దాటి సుంకి ఘాటీ ఎక్కడం మొదలుపెట్టామో లేదో, వేడి చూపే ముల్లు సగం దాటి పైకి పాకింది. మిట్టమధ్యాహ్నం బండి ఆపి, అత్తగారిని చెట్టు నీడన కూర్చోబెట్టి, తడి తువ్వాలు కప్పి, ముప్పావుగంట కాచుకున్నాం. ఆగి ఆగి ఎలాగో ఘాటీ దాటాం. పొట్టంగి దగ్గర చదును రోడ్డు మీద కాస్త వేగం అందుకునేసరికి ముల్లు తనంతట తానే దిగిపోయింది!

ఇంటికి వచ్చాక రేడియేటరు కడిగించాను, థర్మోస్టాటు మార్పించాను. మళ్ళీ ఎక్కుడు వచ్చేసరికి కథ మామూలే. చివరికి ఒక షెడ్డులో హెడ్డు విప్పాలన్నారు. డబ్బు సర్దుకుంటున్న సమయంలో ఒక పెద్ద మేస్త్రీ వచ్చి, చల్లారిన ఇంజను ముందు నిలబడి, ఫ్యాను రెక్కను ఒక వేలితో తోశారు. అది పిల్లల గాలిమరలాగా గిరగిరా తిరిగింది. "ఇదీ మీ జబ్బు" అన్నారు. పోయింది ఫ్యాను క్లచ్.

ఇంజను నిలువుగా ఉండే పాత జీపుల్లో, డీజిలు బండ్లలో చాలావాటికి ఫ్యాను బెల్టుతోనే తిరుగుతుంది. పుల్లీకీ ఫ్యానుకీ మధ్య ఒక గుండ్రటి డబ్బా ఉంటుంది. అదే క్లచ్. దానిలో చిక్కటి సిలికాను నూనె ఉంటుంది. ముందు భాగాన రెండు లోహాలు అతికించి చుట్టిన చిన్న స్ప్రింగు ఉంటుంది. రేడియేటరు గుండా వచ్చే గాలి బాగా వేడెక్కితే ఆ స్ప్రింగు మెలి తిరిగి లోపలి కవాటాన్ని తెరుస్తుంది. నూనె పని చేసే గదిలోకి వస్తుంది, ఫ్యాను పుల్లీని గట్టిగా పట్టుకుని జోరుగా తిరుగుతుంది. గాలి చల్లబడితే పట్టు వదులవుతుంది. ఆ నూనె కారిపోయినా, స్ప్రింగు పాడైనా ఫ్యాను తిరుగుతూనే ఉంటుంది కాని గాలి లాగదు. కంటికి తిరుగుతూ కనబడుతుంది గనుకనే మనం మోసపోతాం.

కాబట్టి బండి ఎప్పుడు వేడెక్కుతోందో ముందు గమనించండి. ఎక్కుడులో, సంత రద్దీలో, నిలబడినప్పుడు వేడెక్కి, వేగం అందుకోగానే చల్లబడితే అనుమానం ఫ్యాను మీద. నిలబడి ఉన్నప్పుడు ఏసీ చల్లదనం తగ్గడం కూడా ఒక గుర్తే. నేను నెల రోజులు ఆ గుర్తును పట్టించుకోలేదు. పెద్ద రోడ్డు మీద వేగంగా వెళ్తున్నప్పుడే వేడెక్కితే మాత్రం రేడియేటరు, నీళ్ళు, పంపు చూడాలి.

ఇంట్లో చేసుకోదగిన పరీక్షలు ఇవి. ఇంజను ఆపి, తాళంచెవి తీసి జేబులో వేసుకున్నాకే చేయండి. చీర కొంగు, చున్నీ, కండువా దగ్గరకు రాకూడదు.

ఒకటి: ఇంజను చల్లగా ఉన్నప్పుడు ఫ్యానును చేత్తో తిప్పండి. కొంచెం బరువుగా తిరిగి ఆగాలి. తోసి వదిలితే చుట్ల మీద చుట్లు తిరిగిందంటే క్లచ్ పోయినట్టే. బాగా వేడెక్కించి ఆపాక తిప్పితే ఇంకా బిగువుగా ఉండాలి.

రెండు: రెక్క కొస పట్టుకుని ముందుకూ వెనక్కూ కదపండి. పావు అంగుళం కంటే ఎక్కువ ఊగితే బేరింగు అరిగింది.

మూడు: క్లచ్ మధ్య నుంచి అంచులకు నూనె చారలు, వాటికి అంటుకున్న దుమ్ము కనబడితే నూనె కారుతోందని గుర్తు.

నాలుగు: దూరంగా నిలబడి వినండి. రాత్రంతా నిలిపిన బండిని పొద్దున తీయగానే ఒకటి రెండు నిమిషాలు ఫ్యాను హోరుమంటే అది మామూలే. ఎంతసేపటికీ ఆ హోరు తగ్గకపోతే క్లచ్ పట్టేసిందన్నమాట. డీజిలు వృథా. వేడి పెరిగినా హోరు రాకపోతే పట్టు లేదన్నమాట.

తిరుగుతున్న ఫ్యానును చుట్టిన కాగితంతో ఆపి చూపిస్తామనేవారున్నారు. ఒప్పుకోకండి. క్లచ్‌ను వెల్డింగు చేసి బిగించేస్తామన్నా వద్దనండి. వేడి తగ్గుతుంది గాని ఎప్పుడూ హోరే, నీళ్ళ పంపు బేరింగుకూ భారమే. క్లచ్ మొత్తంగా కొత్తది వేయించడమే మంచిది.

దారిలో వేడెక్కితే ఏసీ కట్టేసి, హీటరు ఉంటే పూర్తిగా తెరిచి, పక్కకు తీసి ఆపండి. ముల్లు ఎర్రగీత చేరితే ఇంజను ఆపేయండి. చల్లారేదాకా రేడియేటరు మూత ముట్టుకోవద్దు. మరుగుతున్న నీళ్ళు ముఖం మీదకు చిమ్ముతాయి.

మా బండికి కొత్త క్లచ్ వేయించాక సుంకి ఘాటీ ఆగకుండా ఎక్కింది. అయినా ఎప్పుడు ఊరికి బయలుదేరినా మా అత్తగారు ముందు అడిగేది ఒకటే: "బాబూ, ఫ్యాను చూశారా?"

వచ్చే సంచికలో బ్రేకుల సంగతి. అంతవరకు సెలవు.