పేనుకు గట్టు అడ్డం కాదు

పోయిన వేసవిలో నా మూడెకరాల చెరువుకు పేను పట్టింది. శీలావతి గట్టు వెంట ఎగిరెగిరి పడుతోంది, కర్రలకు ఒళ్లు రుద్దుకుంటోంది, మేత సంచి కట్టినా దగ్గరకు రావడం లేదు. విసురువల వేసి పట్టి చూస్తే రెక్కల మొదట్లో పప్పుబద్దల్లా అతుక్కుని ఉన్నాయి. షాపులో ఇచ్చిన మందు కొట్టాను. పేను రాలింది. రెండు, మూడు వారాలు తిరిగేసరికి మళ్లీ వచ్చింది. మళ్లీ కొట్టాను. పట్టుబడి అయ్యాక ఆ నీళ్లన్నీ ఇంజిను పెట్టి డ్రెయిన్‌లోకి తోడేశాను. అందరూ చేసేదే నేనూ చేశాను.

నెల తిరక్కుండానే, డ్రెయిన్‌లో మావులు పెట్టుకుని బతికే కుర్రాడొకడు ఒళ్లంతా ఎర్రటి పుండ్లు పడ్డ చేపను తెచ్చి నా ముందు పెట్టాడు. "బాబాయ్, ఈ పేలు మీ చెరువువేనా?" అన్నాడు. నేను జవాబు చెప్పలేదు. చెప్పలేకే ఇది రాస్తున్నాను.

చెరువుల వాళ్లం ఒక మాట పట్టుకుని కూర్చున్నాం: "పేను మనది కాదు, కొల్లేరు చేపే తెస్తోంది" అని. అందులో సగం నిజం ఉంది. ఈ పురుగు ఊరి నీళ్లలో ముందు నుంచీ ఉన్నదే. కానీ కాలువలో చేప ఎక్కడో ఒకటి, దానికి పేను ఎక్కడో ఒకటి. మనం ఎకరానికి వేల చేపను కుక్కి పెట్టాం. పేనుకు ఇంతకంటే పెళ్లిభోజనం ఏముంటుంది? నీటితో లోపలికి వచ్చిన పది పేలు మన దగ్గర లక్షలై, అదే తూములోంచి బయటికి పోతున్నాయి. కొనుక్కొచ్చిన పిల్లతో వచ్చేవి వేరే.

మందుకు ఎందుకు లొంగదో కూడా తెలుసుకోవాలి. ఆడ పేను గుడ్లు పెట్టడానికి చేపను వదిలేస్తుంది. కర్రల మీద, రాళ్ల మీద వందల గుడ్లు వరుసగా అతికిస్తుంది. మందుకు పేను చస్తుంది గానీ గుడ్డు చావదు. మన ఎండలకు రెండు, మూడు వారాల్లో పిల్ల లేచి మళ్లీ చేపను వెతుక్కుంటుంది. అది ఈత కొట్టే పురుగు. అది శీలావతా, కాలువలో మట్టగిడసా అని దానికి పట్టింపు లేదు. సర్వే నంబరు అసలే తెలియదు.

ఇంకో ఘోరం ఉంది. పేను రొయ్య, పీత జాతి పురుగు. పేనును చంపే మందు రొయ్యనూ చంపుతుంది. మందు కొట్టిన నీళ్లను వెంటనే కాలువలోకి వదిలితే కొల్లేటి రొయ్య మీద బతికే వడ్డీల నోట్లో మట్టి కొట్టినట్టే. మన పేనూ వాళ్లకే, మన విషమూ వాళ్లకే. లాభం మాత్రం షాపువాడికి.

1999లో 120 నంబరు జీవోతో అయిదో కాంటూరు దాకా అభయారణ్యం అన్నారు. 2006లో ఆపరేషన్ కొల్లేరు అని గట్లు కొట్టేశారు. అప్పటి నుంచి గొడవంతా ఆ గీత గురించే. గీత మీద మన సంఘం ఎన్నో సభలు పెట్టింది. గీత దాటిపోయే నీళ్ల మీద ఒక్క సభ పెట్టామా?

సాల్మన్ చేపను పెంచే నార్వేను చూడండి. అక్కడా పేనుతోనే పోరు. పెంపకపు బోనుల నుంచి పేలు పోయి ఏటి నుంచి సముద్రంలోకి దిగే పిల్లచేపను చంపుతున్నాయని తేలింది. అక్కడ రైతు పేలు లెక్కపెట్టి సర్కారుకు చెప్పాలి. 2017 నుంచి తీరాన్ని 13 ప్రాంతాలు చేసి, పేను వల్ల అడవి చేపకు ఎక్కువ నష్టం జరిగేచోట పెంపకాన్ని నూటికి ఆరు వంతులు తగ్గించమంటున్నారు. మందులు కొట్టీ కొట్టీ పేను మొండికెత్తిందని వాళ్లే ఒప్పుకున్నారు. రేపు మన గతీ అంతే.

సర్కారును అడగాల్సినవి ఇవి. చెరువుకు లైసెన్సు ఇచ్చేటప్పుడు నీళ్లు తీసుకునే కాలువ, వదిలే కాలువ వేరువేరుగా ఉండేలా డ్రెయిన్లు బాగుచేయాలి. మత్స్యశాఖ మనిషి చెరువు దగ్గరకొచ్చి పేను చూడాలి, షాపు కుర్రాడు కాదు. పిల్ల అమ్మేవాడు పేను లేదని రాసివ్వాలి. కౌలుదారుకు వేసవిలో చెరువు ఎండగట్టే వ్యవధి కౌలు కాగితంలోనే ఉండాలి.

మనం చేయాల్సినవీ ఉన్నాయి. తూముకు సన్నకన్ను వల కట్టాలి. పాత కర్రలు పీకి ఎండలో వేయాలి. నీళ్లలో వెదురు తడికలు వేలాడదీసి, గుడ్లు పట్టగానే తీసి ఎండబెట్టాలి. పట్టుబడి అయ్యాక అడుగు నెర్రెలిచ్చేదాకా ఎండగట్టి సున్నం చల్లాలి. మందు కొట్టిన నీళ్లు వెంటనే వదలకూడదు. ఇవి ఒక్కడు చేస్తే దండగ. ఒక డ్రెయిన్ మీద చెరువులన్నీ ఒకేసారి చేయాలి. సంఘం ఉన్నది దీనికే.

వచ్చే కమిటీ సమావేశానికి మావుల వాళ్లను కూడా పిలుద్దాం. ఆ కుర్రాడికి నేను బాకీ ఉన్న జవాబు అక్కడ చెబుతాను: "అవునురా, నా చెరువువే."