ఊయల ఖర్చు ఎవరి ఖాతాలో?

విశాఖపట్నం శివారులోని దువ్వాడ పేరు వినగానే మనకు గుర్తుకొచ్చేది అక్కడి ప్రత్యేక ఆర్థిక మండలి. 1989లో ఎగుమతుల జోన్‌గా ఏర్పడి, 2003 జనవరి 1 నుంచి సెజ్‌గా మారింది. దగ్గరలోనే ఉక్కు కర్మాగారం, గాజువాక పారిశ్రామిక ప్రాంతం ఉన్నాయి. ఇలాంటి మండలిని నెలకొల్పేటప్పుడు ప్రభుత్వాలు రోడ్డు, కరెంటు, నీరు, రైలు, రేవు అన్నిటినీ లెక్క చూసుకుంటాయి. వీటినే మౌలిక వసతులంటారు. కాని తెల్లవారకముందే షిఫ్టుకు బయలుదేరే తల్లి తన రెండేళ్ల బిడ్డను ఎవరి చేతుల్లో పెట్టి వెళ్లాలన్న ప్రశ్న సాధారణంగా ఆ జాబితాలోకి ఎక్కదు. బిడ్డను చూసే చేతులు లేకపోతే యంత్రం నడిపే చేతులూ ఉండవు. కాబట్టి పిల్లల సంరక్షణ ఆయా కుటుంబాల సొంత గొడవ కాదు. పరిశ్రమకు కరెంటు ఎంత అవసరమో ఇదీ అంతే అవసరం.

ఒక చిన్న లెక్క వేసుకుందాం. ఒక ఇల్లాలికి ఫ్యాక్టరీలో నెలకు 12 వేల రూపాయల జీతం అనుకుందాం. బిడ్డను చూసే ప్రైవేటు కేంద్రానికి 4 వేలు, రానుపోను ఆటోలకు, బస్సులకు 1,500, పాలకు, మందులకు మరో 500 పోతే చేతికి మిగిలేది 6 వేలు. "ఈ మాత్రానికి వెళ్లడమెందుకమ్మా?" అని అత్తగారు అంటే కాదనలేం. అయితే ఆమె మాటలో తప్పు లేకపోయినా లెక్కలో తప్పుంది. సంరక్షణ ఖర్చు మొత్తాన్నీ తల్లి జీతంలోనే కోసేస్తున్నాం. తండ్రి జీతంలో కోయడం లేదు. యజమాని లాభంలో అసలే కోయడం లేదు. బిడ్డ మాత్రం అందరి బిడ్డ!

ఉద్యోగం మానేస్తే పోయేది ఆ ఆరు వేలు మాత్రమే కాదు. మూడేళ్ల తర్వాత తిరిగి వెళ్లినా మళ్లీ కొత్త చేయి కిందే లెక్క. సీనియారిటీ, భవిష్యనిధి, చేతి నైపుణ్యం అన్నీ వెనకబడతాయి. చేయి తిరిగిన కార్మికురాలు వెళ్లిపోతే కంపెనీ మరొకరికి మొదటినుంచీ పని నేర్పుకోవాలి. నష్టం ఇద్దరిదీ.

కేంద్ర ప్రభుత్వం 2024లో జరిపిన సమయ వినియోగ సర్వేలో తేలిన సంగతి గమనార్హం. జీతం లేని ఇంటి పనులు చేసే స్త్రీలు వాటికి రోజుకు 289 నిమిషాలు వెచ్చిస్తుంటే, అలాంటి పురుషులు వెచ్చించేది 88 నిమిషాలు. పిల్లలను, పెద్దలను చూసుకోవడానికి స్త్రీలు 137 నిమిషాలు, పురుషులు 75 నిమిషాలు వెచ్చిస్తున్నారు. ఈ శ్రమకు స్థూల జాతీయోత్పత్తి లెక్కల్లో చోటు లేదు. పక్కింటి బిడ్డను జీతానికి చూస్తే అది ఆదాయం, సొంత బిడ్డను చూస్తే లెక్కకు రాని పని!

ఇక చట్టాల సంగతి చూద్దాం. 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం, 1976 సవరణ తర్వాత, 30 మందికి మించి మహిళలున్న చోట శిశుసంరక్షణ గది ఉండాలని చెప్పింది. సదుద్దేశమే గాని అందులో ఒక చిక్కుంది. మహిళల సంఖ్యను బట్టి బాధ్యత పడుతుంటే, 30 దగ్గరే ఆగిపోదామని యజమానికి అనిపించడం సహజం. 2017లో ప్రసూతి ప్రయోజనాల చట్టాన్ని సవరించినప్పుడు స్త్రీపురుషులనే తేడా లేకుండా 50 మంది ఉద్యోగులున్న ప్రతి సంస్థలోనూ శిశుసంరక్షణ కేంద్రం ఉండాలనీ, తల్లి రోజుకు నాలుగుసార్లు వెళ్లి బిడ్డను చూసుకోవచ్చనీ నిర్దేశించారు. 2025 నవంబరు 21న అమలులోకి వచ్చిన కార్మిక స్మృతుల్లోనూ ఈ 50 మంది లెక్కే ఉంది. అంతేకాదు, కొన్ని సంస్థలు కలిసి ఉమ్మడిగా ఒక కేంద్రం నడుపుకొనే వెసులుబాటునూ కల్పించారు.

ప్రభుత్వం నడిపే కేంద్రాల్లోనూ లోటుంది. 2022లో మిషన్ శక్తి కింద తెచ్చిన 'పాల్నా' పథకం ఆరు నెలల నుంచి ఆరేళ్ల వరకు పిల్లలను నెలకు 26 రోజులు, రోజుకు ఏడున్నర గంటలు చూసుకోమంటోంది. షిఫ్టు ఎనిమిది గంటలు, రాకపోకలు అదనం. తల్లి పని ముగియకముందే కేంద్రానికి తాళం పడితే ఆ కేంద్రం ఆమెకు ఎలా అక్కరకొస్తుంది?

పిల్లలను చూసే చేతులకు మనం ఇస్తున్న విలువ ఎంతో 2023 చివర్లో తేటతెల్లమైంది. ఆ డిసెంబరు 12న ఆంధ్రప్రదేశ్ అంగన్‌వాడీ కార్యకర్తలు, ఆయాలు సమ్మెకు దిగారు. అప్పటికి కార్యకర్తకు నెలకు 11,500 రూపాయలు, ఆయాకు 7 వేలు ఇచ్చేవారు. దానికి పెట్టిన పేరు జీతం కాదు, గౌరవ వేతనం. 42 రోజులు సాగిన ఆ సమ్మెపై 2024 జనవరిలో ప్రభుత్వం ఎస్మా ప్రయోగించింది. ఎస్మా అంటే అత్యవసర సేవల చట్టం. సమ్మె చేస్తే అత్యవసర సేవ, జీతం అడిగితే స్వచ్ఛంద సేవ! ఈ రెండూ ఏకకాలంలో నిజం కాలేవు. అంగన్‌వాడీ సిబ్బందికి గ్రాట్యుటీ హక్కు ఉందని సుప్రీంకోర్టు 2022 ఏప్రిల్‌లోనే తీర్పు చెప్పింది.

ఈ విషయంలో మనకు మార్గదర్శనం కొత్తగా వెతుక్కోవలసిన పని లేదు. దివ్యఖుర్ఆన్ బఖరా సూరా 233వ వాక్యం పాలిచ్చే తల్లి పోషణ బాధ్యతను తండ్రిపై పెట్టింది. బిడ్డకు మరొకరిచేత పాలిప్పించదలిస్తే వారికి చెల్లించవలసింది ధర్మబద్ధంగా చెల్లించమంది. దైవప్రవక్త ముహమ్మద్ (స) పసితనం హజ్రత్ హలీమా (రజి) ఒడిలోనే గడిచింది. బిడ్డను మరొకరు పెంచడం లోపం కాదని, పెంచినవారి శ్రమకు వెల కట్టడం చిన్నతనం కాదని మనకు దీన్నిబట్టి బోధపడుతుంది.

కెనడాలోని క్యుబెక్ రాష్ట్రం 1997లో రోజుకు 5 డాలర్ల రుసుముతో శిశుసంరక్షణ ప్రారంభించింది. ఆ విధానం వల్ల 2008 నాటికి సుమారు 70 వేల మంది తల్లులు అదనంగా ఉద్యోగాల్లో ఉన్నారని అక్కడి ఆర్థికవేత్త పియెర్ ఫోర్తాన్, ఆయన సహచరులు అంచనా వేశారు. ఆ తల్లుల జీతాలమీద, కొనుగోళ్లమీద వచ్చే పన్నులు మళ్లీ ఖజానాకే చేరతాయి. అయితే తక్కువ ఖర్చు మోజులో నాణ్యత తగ్గితే దాని ఫలితం అనుభవించేది పసివాళ్లే. కాబట్టి చవకతనం ఒక్కటే కొలమానం కారాదు.

దువ్వాడలో ప్రహరీ ఒకటే, గేట్లు ఒకటే, కంపెనీలు మాత్రం అనేకం. విడివిడిగా ఒక్కో చిన్న కంపెనీకి భారమయ్యేది కలిసి చేస్తే తేలిక. చట్టమూ అనుమతిస్తోంది. షిఫ్టు మొదలవడానికి అరగంట ముందు తెరిచి, ముగిసిన అరగంట తర్వాత మూసే ఉమ్మడి కేంద్రాన్ని యాజమాన్యాలు నెలకొల్పాలి. అందులో పనిచేసే మహిళలకు గౌరవంతోపాటు జీతమూ ఇవ్వాలి. నాణ్యతను ప్రభుత్వం తనిఖీ చేయాలి.

మరి మన వంతు ఏమిటి? దేశంలో ఉద్యోగాలకు వెళ్లే స్త్రీల శాతం ముస్లింలలో తక్కువ. మన ఇళ్లలో ఎందరో కుట్టుమిషన్ ముందు కూర్చుని, ఒక కాలితో ఊయల ఊపుతూ పనిచేస్తున్నారు. నానీలు, దాదీలు మోకాళ్ల నొప్పులతోనే మనవల వెంట పరుగెడుతున్నారు. బయటికి వెళ్లాలా, ఇంట్లో ఉండాలా అన్నది ఆయా కుటుంబాలు సంప్రదించుకుని తేల్చుకోవలసిన విషయం. కాని బిడ్డను చూసేవారు లేరన్న ఒక్క కారణంతో ఆ నిర్ణయం ముందే జరిగిపోతుంటే దాన్ని సంప్రదింపు అనలేం. ఈ నెల ఇంటి ఖర్చు రాసేటప్పుడు బిడ్డ ఖర్చును తల్లి జీతం కింద కాకుండా ఇంటి మొత్తం ఆదాయం కింద రాసి చూద్దాం. ఆ ఒక్క గీత మారితే మిగతా లెక్కా మారుతుంది.