కాన్పు మంచం మీద అడిగే సంతకం

తెలుగు రాష్ట్రాల్లో కుటుంబ నియంత్రణ అంటే ఆడవాళ్లకు ఆపరేషనే. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 15-49 ఏళ్ల వివాహితల్లో దాదాపు 70 శాతం మంది, తెలంగాణలో 60 శాతానికి పైగా ట్యూబెక్టమీ చేయించుకున్నవారే. దేశ సగటు 38 దాటదు. ఆంధ్రలో మగవాళ్ల వేసెక్టమీ ఒక శాతానికి కూడా చేరదు. రెండో కాన్పులో పనిలో పనిగా ఆపరేషన్ కూడా అయిపోవడం మనకు ఆనవాయితీ. తల్లికి హెచ్‌ఐవీ ఉందంటే ఆ ఆనవాయితీయే ఒత్తిడి అవుతుంది. ‘నీకిక పిల్లలెందుకమ్మా’ అన్న మాట చాలు, నొప్పులు పడుతున్న మనిషి ఎక్కడ చూపిస్తే అక్కడ వేలిముద్ర వేస్తుంది.

ఇలా తీసుకున్న సంతకం చెల్లదని ఆఫ్రికాలోని నమీబియా సుప్రీంకోర్టు 2014 నవంబరులోనే తేల్చింది. హెచ్‌ఐవీ ఉన్న ముగ్గురు మహిళలకు ప్రభుత్వాసుపత్రుల్లో సిజేరియన్‌తో పాటే గర్భనాళాలు కత్తిరించారు. కాగితాల మీద వాళ్ల సంతకాలున్నాయి. అయినా పురిటి నొప్పుల మధ్య, విషయం సరిగా వివరించకుండా తీసుకున్నది అంగీకారం కాదంది కోర్టు. హెచ్‌ఐవీ ఉందనే ఈ పని చేశారన్న ఆరోపణ మాత్రం రుజువు కాలేదు. నన్ను కలవరపెట్టేది అదే. వివక్షను నిరూపించడం కష్టం. ఆసుపత్రి హడావుడిలో అది మామూలు పద్ధతిలా కలిసిపోతుంది.

మన చట్టం ఇంకా స్పష్టంగా ఉంది. 2018 సెప్టెంబరు 10 నుంచి అమల్లో ఉన్న హెచ్‌ఐవీ, ఎయిడ్స్ నియంత్రణ చట్టం, హెచ్‌ఐవీ ఉన్న గర్భిణికి అన్నీ తెలిసి ఇచ్చిన సమ్మతి లేకుండా పిల్లలు పుట్టకుండా చేసే ఆపరేషన్ గానీ అబార్షన్ గానీ చేయకూడదంటుంది. తెలిసి అన్న మాటకే ఇక్కడ బరువంతా. ఏం తెలియాలి ఆమెకు?

మొదట, తొందర లేదని తెలియాలి. ట్యూబెక్టమీ కాన్పు తర్వాత ఏడు రోజుల్లోపు చేయవచ్చు, కుదరకపోతే ఆరు వారాలు దాటాక చేయవచ్చు. ఆరోగ్యం నిలకడగా ఉంటే కాపర్ టి వేయించుకోవడానికి హెచ్‌ఐవీ అడ్డు కాదు. మాయ పడిన పది నిమిషాల్లోనే, లేదంటే 48 గంటల్లోపు వేస్తారు. పాలిచ్చే తల్లికి ఆరు వారాలు దాటాక మూడు నెలలకోసారి ఇచ్చే ‘అంతర’ ఇంజెక్షన్ ఉంది. ప్రభుత్వాసుపత్రుల్లో అది ఉచితం.

హెచ్‌ఐవీ మందులకూ గర్భనిరోధక పద్ధతులకూ పొత్తు కుదరదన్న భయం చాలాకాలం ఉంది, దానికి కారణమూ ఉంది. అప్పట్లో ఏఆర్‌టీలో, అంటే హెచ్‌ఐవీ చికిత్సలో, ఎక్కువగా ఇచ్చిన ఎఫావిరెంజ్, చేతి చర్మం కింద పెట్టే గర్భనిరోధక ఇంప్లాంట్ల హార్మోన్‌ను రక్తంలో బాగా తగ్గిస్తుంది. ఇంప్లాంట్ ఉండగానే గర్భం దాల్చినవాళ్లు ఆఫ్రికా దేశాల్లో ఉన్నారు. ఇప్పుడు మన ఏఆర్‌టీ సెంటర్లలో ప్రధానంగా ఇచ్చే డోలుటెగ్రావిర్‌తో ఆ చిక్కు లేదు. టీబీ కోసం రిఫాంపిసిన్ వాడుతుంటే మాత్రం గర్భనిరోధక మాత్రలు, ఇంప్లాంట్ల పట్టు సడలుతుంది. కాపర్ టి పనితీరు మీద ఏ మందు ప్రభావమూ ఉండదు. హెచ్‌ఐవీతో పాటు టీబీ కూడా ఎక్కువగా కనిపించే మన దగ్గర, ఈ ఒక్క సంగతి చెప్పకపోతే మిగతా కౌన్సెలింగ్ అంతా వృథా.

ఆపరేషన్ మీద నాకున్న పెద్ద అభ్యంతరం ఆ తర్వాతి రోజుల గురించి. ఆపరేషన్ గర్భాన్ని ఆపుతుంది, వైరస్‌ను కాదు. ‘ఆపరేషన్ అయిందిగా’ అనగానే ఇంట్లో నిరోధ్ మాయమవుతుంది. భర్త పరీక్ష చేయించుకోలేదనుకోండి, లేదా ఆమె రక్తంలో వైరస్ ఇంకా అదుపులోకి రాలేదనుకోండి, ప్రమాదం తిరిగి ఆ ఇంట్లోకే వస్తుంది. కాపర్ టి, ఇంజెక్షన్‌లదీ అదే పరిమితి. కాబట్టి ఏ పద్ధతి ఎంచుకున్నా కండోమ్ గురించి భార్యాభర్తలిద్దరితోనూ మాట్లాడాలి. ఆమె హెచ్‌ఐవీ సంగతి భర్తకు చెప్పడం మాత్రం ఆమె ఇష్టంతోనే జరగాలి.

మూడు లక్షల పైచిలుకు హెచ్‌ఐవీ బాధితులున్న ఆంధ్రప్రదేశ్‌కు ఇది చిన్న విషయం కాదు. గర్భిణి పరీక్షలకు, ఏఆర్‌టీ మందులకు నెలనెలా వస్తూనే ఉంటుంది. ఐదో నెలకే కౌన్సెలర్ కూర్చోబెట్టి అడగవచ్చు: ఇంకా పిల్లలు కావాలా, ఎప్పుడు, ఏ పద్ధతి? ఆమె చెప్పింది తేదీతో సహా కేస్‌షీట్‌లో ఒక గడిలో రాయాలి, మనసు మారితే మార్చాలి. ఆ గడి ఖాళీగా ఉన్న గర్భిణి ముందు లేబర్ రూమ్‌లో ఎవరూ ఆపరేషన్ ఫారం పెట్టకూడదని జిల్లా వైద్యాధికారులు రేపే ఉత్తర్వు ఇవ్వవచ్చు.