చప్పుడు ఎక్కడిది?

మా సౌకార్‌పేటలో కారు ఉన్నవాణ్ణి చూచి అసూయపడేవారు తక్కువ, జాలిపడేవారే ఎక్కువ. మింటు వీధిలోగాని, గోవిందప్ప నాయకన్ వీధిలోగాని సాయంకాలం వేళ కారు నడపటమంటే తోపుడుబండి వెనుక చేరి, హాఫ్ క్లచ్చి మీద అంగుళం అంగుళం జరగటమే. అందుచేత మా పేట కార్లకు ఇంజను కంటె ముందు క్లచ్చికే వయసు మళ్లుతుంది.

మా ఇంట్లో ఉన్నది అంబాసిడర్. ఉత్తరపారాలో దాని తయారీ 2014లోనే ఆగిపోయింది. అయినా నాన్నగారు కొన్న బండి గనుక వదులుకోలేకపోయాము. పోయిన నెలలో ఒకనాడు ఇంజను ఎంత అరచినా బండి కదలనని మొరాయించింది. ఇరవై ఏళ్లుగా మా బండి చూస్తున్న మేస్త్రీ గేరుబాక్సు దించి, క్లచ్చి ప్లేటు, ప్రెషర్ ప్లేటు, రిలీజ్ బేరింగు మూడూ కొత్తవి వేశాడు. ఇంకేదో కూడా మార్చుదామన్నాడు గాని, ఖర్చు పెరుగుతున్నదని మేమే వద్దన్నాము.

బండి ఇంటికి వచ్చింది. మొదటి గేరులో క్లచ్చి వదలగానే బండి యావత్తూ గడగడ వణికింది. అడుగున ఎక్కడో ఢబ్బుమని కొట్టుకొన్నది. నాలుగు రోజులలో అమ్మను తిరుపతి తీసికొని వెళ్లవలసి ఉన్నది. మాకు ఒళ్లు మండింది. “పాత సామాను వేసి కొత్తదాని డబ్బు పుచ్చుకొన్నావా?” అని ఫోనులో అడిగేశాము. అతడు కాసేపు మాట్లాడలేదు. “వస్తానయ్యా” అన్నాడు, అంతే.

మరునాడు పొద్దుటే వచ్చాడు. ఎప్పుడూ తాగే కాఫీ ఆ రోజు తాగలేదు. “చప్పుడు ఎప్పుడు వస్తున్నదో చూస్తే, ఎక్కడ వస్తున్నదో తెలుస్తుందయ్యా” అని మమ్మల్నే డ్రైవరు సీటులో కూర్చోబెట్టాడు.

మొదట బండి నిలిపి, న్యూట్రల్‌లో ఇంజను నడపమన్నాడు. పెడలు నొక్కినప్పుడు గరగర వస్తే రిలీజ్ బేరింగును అనుమానించాలట. కాలు తీసినప్పుడు వచ్చి, నొక్కగానే ఆగిపోతే గేరుబాక్సు లోపలి బేరింగును చూడాలట. మాకు రెండూ లేవు. ఇంజను వేగం పెంచి చూశాము. నిలిచి ఉన్న బండి వణికితే ఫ్లైవీలు, ప్రెషర్ ప్లేటుల తూకం తప్పినట్లు. అదీ లేదు. తరువాత వాల్‌టాక్స్ రోడ్డు మీద కొంచెం వేగంగా నడిపించాడు. వేగంతో పాటు వణుకు పెరిగితే చక్రాలనో, ప్రొపెల్లర్ షాఫ్టునో చూడాలట. గేరుబాక్సు దించేటప్పుడు ఆ షాఫ్టు విప్పక తప్పదు. తిరిగి బిగించటంలో బోల్టు వదులైనా, షాఫ్టు మారు తిరిగినా వణుకు పుడుతుంది. మా బండి నున్నగా పోయింది.

ఇక మిగిలింది కదిలేటప్పటి వణుకు ఒక్కటే. ప్లేటుకు నూనె అంటినా, ఫ్లైవీలు ముఖం సమంగా లేకపోయినా, ప్రెషర్ ప్లేటు బోల్టులు ఎగుడుదిగుడుగా బిగించినా ఇలాగే వస్తుంది. కాని అవి చూడాలంటే గేరుబాక్సు మళ్లీ దించాలి. “దించకుండా చూడగలిగింది ముందు చూద్దాం” అన్నాడు. చక్రాలకు అడ్డు పెట్టి, బండిని గట్టి స్టాండ్ల మీద నిలిపాడు. ఒట్టి జాకీని నమ్మి బండి కిందికి ఎన్నడూ దూరవద్దని మాకూ చెప్పాడు. గేరుబాక్సు కింద చెక్కముక్క ఉంచి జాకీతో రవంత ఎత్తాడు. గేరుబాక్సును మోసే రబ్బరు, ఇనుప రేకు నుంచి విడివడి నోరు తెరచింది.

పాత క్లచ్చి జారుతూ ఉన్నంతకాలం ఇంజను బలం మెత్తమెత్తగా చక్రాలకు చేరేది. చితికిన రబ్బరు ఆ మాత్రం ఓర్చుకొన్నది. కొత్త క్లచ్చి గట్టిగా పట్టేసరికి గేరుబాక్సు ఎగిరిపడి అడుగున కొట్టుకొన్నది. తప్పు కొత్తదానిది కాదు, పాతదానిని కొత్తది బయటపెట్టింది.

ఆనాడు మేము వద్దన్నది ఆ రబ్బరునే. ఫోనులో ఒక్క మాట అని ఉంటే మా నోరు మూతపడేది. అతడు అనలేదు.

పుదుపేట నుంచి రబ్బరు తెచ్చి సాయంకాలానికి బిగించాడు. వణుకు పోయింది. “మేస్త్రీ, మాట జారాము” అన్నాము. తల ఊపి, సామాను సంచి సర్దుకొని వెళ్లిపోయాడు.

తిరుపతి నుంచి రాగానే అమ్మ ప్రసాదం పొట్లం చేత పట్టుకొని, తానే అతని షెడ్డుకు తీసికొని వెళ్లమన్నది. రెండు చేతులా అందుకొని కళ్లకు అద్దుకొన్నాడు. “కాఫీ తాగి వెళ్లండమ్మా” అని కుర్రవాణ్ణి పంపాడు. ముగ్గురమూ తాగాము.

క్లచ్చి జారితే మార్చుకోవచ్చును. నోరు జారితే దొరికే విడిభాగాలు పుదుపేటలో కూడా లేవు.