పిప్పరమెంటు డబ్బాలో హునర్

"భాయ్‌జాన్, మా బేటీ హెడ్‌ఫోన్ ఆంప్లిఫయర్ తయారు చేస్తానని జిద్ చేస్తోంది. ఆడపిల్లకు ఇదెందుకు, ఫజూల్ ఖర్చు కదా?" అని అడిగే అబ్బాలకు నా జవాబు ఒకటే: చేయనివ్వండి. మామూలు ఇయర్‌ఫోన్లకు ఫోన్ ఇచ్చే ఆవాజే చాలు, ఆ మాట నిజమే. బిడ్డకు దక్కేది హునర్.

అయితే కరెంటు ప్లగ్గుతో నడిచేది ఇప్పుడే వద్దు. చూ మోయ్ డిజైన్ చేసిన 'సీమోయ్'తో షురూ చేయమనండి. 9 వోల్టుల బ్యాటరీ, ఒక ఆప్‌ఆంప్ చిప్, కొన్ని రెసిస్టర్లు, కెపాసిటర్లు. అంతా పిప్పరమెంటు డబ్బాలో ఇమిడిపోతుంది, షాక్ ఖతరా లేదు. హైదరాబాద్‌లో ఉంటే సామాను కోఠి గుజరాతీ గల్లీలో దొరుకుతుంది. మీరూ తోడు వెళ్లండి.

చిప్పును సాకెట్‌లో పెడితే పాడైనా మార్చుకోవచ్చు. హెడ్‌ఫోన్ తగిలించే ముందు అవుట్‌పుట్‌లో డీసీ ఎంతుందో మీటర్‌తో చూడాల్సిందే. కొన్ని మిల్లీవోల్టులైతే ఫికర్ లేదు. వోల్టుల్లో కనిపిస్తే ఆపేసి టంకాలన్నీ మళ్లీ చూసుకోవాలి.