ఓవర్‌క్లాకింగ్ మదర్‌బోర్డుకి ఎక్స్‌ట్రా డబ్బులు పెట్టాలా? భోగాపురం ఎండలో నాకు తెలిసొచ్చింది ఇదీ

మా మేనత్త కొడుకు భోగాపురంలో పెళ్లి వీడియోలు ఎడిట్ చేస్తాడు. వరసకి నాకు బామ్మర్ది. ఇన్నాళ్లూ ఒక పాత ల్యాప్‌టాప్‌తోనే లాక్కొచ్చాడు. ఇప్పుడు మంచి పీసీ బిల్డ్ చేయించుకుందామని డబ్బులు పోగేశాడు. మొన్న వైజాగ్ డాబా గార్డెన్స్‌లో ఒక షాపు దగ్గర నిలబడి ఫోన్ చేశాడు.

"బావా, ఈళ్లు జెడ్790 బోర్డు తీసుకోమంతన్నారు. ఓవర్‌క్లాక్ అవుద్దంట. బి760 కంటే తొమ్మిది వేలు ఎక్కువ. ఏటి సేమంతావు?"

"వద్దురా" అన్నాను.

"మరి నువ్వు సేసినావు కదా?"

నిజమే, చేశాను. ఈ ఆర్టికల్ రాయడానికి కారణం కూడా అదే.

నాది రైజెన్ 5 5600ఎక్స్, బి550 బోర్డు, మామూలు టవర్ ఎయిర్ కూలర్. ఒక డిసెంబర్‌లో, రాత్రి పదకొండు దాటాక, కిటికీ తెరిచి పెట్టుకుని ఓవర్‌క్లాకింగ్ మొదలుపెట్టాను. మూడు రాత్రులు పట్టింది. అన్ని కోర్లూ 4.6 గిగాహెర్ట్జ్, 1.25 వోల్ట్. 3200 ర్యామ్‌ని 3600కి లాగాను. సినీబెంచ్ అరగంట లూప్‌లో పెడితే ఒక్కసారి కూడా క్రాష్ అవలేదు. స్క్రీన్‌షాట్లు గ్రూపులో పెట్టాను, అందరూ ఫైర్ ఎమోజీలు కొట్టారు. ఆ ఫీలింగ్ చాలా బాగుంటుంది, అబద్ధం చెప్పను.

ఆ తర్వాత మే నెల వచ్చింది. లగ్గాల సీజన్. మా బామ్మర్ది ల్యాప్‌టాప్ మొరాయిస్తే ప్రాజెక్ట్ మొత్తం హార్డ్ డిస్క్‌లో వేసుకుని నా దగ్గరికి వచ్చాడు. నా గదిలో ఏసీ లేదు. రాత్రి కూడా లోపల 34 డిగ్రీలు. ఎక్స్‌పోర్ట్ పెట్టేసి పడుకున్నాం. పొద్దున్నే ఫైల్ రెడీగా ఉంది, ఎర్రర్ లేదు, బ్లూ స్క్రీన్ లేదు. పెన్ డ్రైవ్‌లో వేసి పెళ్లివారికి ఇచ్చేశాడు.

సాయంత్రం పెళ్లికూతురి నాన్నగారు ఫోన్ చేశారు. ఇంట్లో చుట్టాలందరినీ కూర్చోబెట్టి టీవీలో పెట్టారట. సరిగ్గా జీలకర్ర బెల్లం పెట్టే షాట్ దగ్గర రెండు సెకన్లు ఆకుపచ్చ, గులాబీ రంగు గళ్లు. ఒరిజినల్ క్లిప్ చూస్తే శుభ్రంగా ఉంది. బయాస్‌లో అన్నీ డిఫాల్ట్‌కి పెట్టి మళ్లీ ఎక్స్‌పోర్ట్ చేస్తే శుభ్రంగా వచ్చింది. అంటే తప్పు కెమెరాది కాదు, సాఫ్ట్‌వేర్‌ది కాదు, నాది. కొత్త ఫైల్ ఇచ్చినా వాళ్లు మిగతా డబ్బులు ఇవ్వడానికి ఇరవై రోజులు తిప్పారు. వాడు నన్ను ఒక్క మాట అనలేదు గానీ, నాకు మాత్రం సిగ్గేసింది.

ఓవర్‌క్లాక్ ఫెయిలైతే పీసీ ఆగిపోతుంది, రీస్టార్ట్ చేస్తే సరిపోతుంది అనుకుంటాం. అలా ఆగిపోతే అదృష్టమే. ఆగకుండా ఎక్కడో ఒక బిట్ తప్పు రాసేసి ముందుకెళ్లిపోతే మనకి తెలిసేది పదిమంది ముందే. గేమ్‌లో అయితే ఒక టెక్స్‌చర్ మెరిసి పోతుంది, ఎవరికీ పట్టదు. పని ఫైల్ అలా కాదు.

డిసెంబర్‌లో పాసై, మేలో ఎందుకు ఫెయిల్?

ఎయిర్ కూలర్ అయినా లిక్విడ్ కూలర్ అయినా గది టెంపరేచర్ కంటే కిందకి తీసుకెళ్లలేదు. గది వేడికి పైన ఇన్ని డిగ్రీలు అన్నదే దాని లెక్క. మనం చూసే యూట్యూబ్ రివ్యూలు చాలావరకు 21, 22 డిగ్రీల ఏసీ గదుల్లో తీసినవి. వాళ్ల దగ్గర 75 చూపించిన సెటప్ మన 34 డిగ్రీల గదిలో సుమారు 87 చూపిస్తుంది. పైగా అదే ఫ్రీక్వెన్సీ నిలబడటానికి వేడి చిప్‌కి చల్లటి చిప్ కంటే కాస్త ఎక్కువ వోల్టేజ్ కావాలి. డిసెంబర్‌లో అంచు మీద పాసైంది మేలో ఆ అంచు దాటేసింది.

వోల్టేజ్ పెంచితే పోదా అంటారేమో. పవర్ వాడకం వోల్టేజ్ స్క్వేర్‌తో పెరుగుతుంది. 1.2 నుంచి 1.3 వోల్ట్‌కి వెళ్లి, క్లాక్ 5 శాతం పెంచితే పవర్ సుమారు 23 శాతం పెరుగుతుంది. ఆ వేడి మళ్లీ అదే గదిలోకి వస్తుంది, ఆ గదిలోనే మనం కూర్చుంటాం.

ఇంతా చేసి నాకొచ్చిన లాభం? సినీబెంచ్‌లో 7 శాతం. 22 నిమిషాలు పట్టే ఎక్స్‌పోర్ట్ 20 నిమిషాల 40 సెకన్లకి వచ్చింది. ఆ 80 సెకన్ల కోసం మూడు రాత్రులు మేల్కొన్నాను.

ఒకప్పుడు కథ వేరు. 1998లో ఇంటెల్ సెలెరాన్ 300ఏ వచ్చింది. బస్ స్పీడ్ 66 నుంచి 100కి మారిస్తే 300 మెగాహెర్ట్జ్ చిప్ 450 మెగాహెర్ట్జ్ అయిపోయేది. అబిట్ బీహెచ్6 లాంటి బోర్డుల్లో జంపర్లు కదపకుండా బయాస్‌లోనే ఆ మార్పు చేసుకునే వీలుండేది. 50 శాతం స్పీడు ఫ్రీగా! అప్పటికి నేనింకా పుట్టలేదు. 2011లో వచ్చిన ఐ5-2500కె కూడా 3.3 బేస్ క్లాక్ నుంచి 4.5కి చాలామంది దగ్గర ఈజీగా వెళ్లింది. ఇప్పుడు కంపెనీలు ఆ మిగులు మనకి వదలడం లేదు. కోర్ ఐ9-14900కె డబ్బాలోంచి తీయగానే 6 గిగాహెర్ట్జ్ వరకు బూస్ట్ అవుతుంది. చిప్‌లో ఉన్న రసమంతా ఫ్యాక్టరీలోనే పిండేస్తే మన చేతికి వచ్చేది పిప్పి.

మీరు చేయకపోయినా బోర్డు చేసేస్తుంది

ఈ విషయం షాపులో ఎవరూ చెప్పరు. ఖరీదైన బోర్డులు చాలావాటిలో పవర్ లిమిట్లు డిఫాల్ట్‌గానే ఎత్తేసి ఉండేవి. రివ్యూల్లో నాలుగు పాయింట్లు ఎక్కువ రావాలి కదా. ఇంటెల్ 13, 14వ జనరేషన్ పెద్ద ప్రాసెసర్లు క్రాష్ అవుతున్న గొడవ మీకు గుర్తుండే ఉంటుంది. 2024లో ఇంటెల్ చెప్పిన కారణాల్లో ప్రాసెసర్ మైక్రోకోడ్ ఎక్కువ వోల్టేజ్ అడగడం ముఖ్యమైనది. తమ గైడ్‌లైన్స్ దాటిన మదర్‌బోర్డు పవర్ సెట్టింగులు కూడా ఆ లిస్టులో ఉన్నాయి. ఆ ఏడాది ఆగస్టులో 0ఎక్స్129 మైక్రోకోడ్ వచ్చింది, వారంటీ రెండేళ్లు పెంచారు. ఏఎండీ వైపూ అంతే. 2023లో రైజెన్ 7 7800ఎక్స్3డి ప్రాసెసర్లు సాకెట్‌లోనే కాలిపోయిన ఫోటోలు బయటికొచ్చాక, బోర్డులు ఎస్ఓసీ వోల్టేజ్ 1.3 దాటించకుండా బయాస్ అప్‌డేట్‌లతో కట్టడి చేశారు.

వారంటీ సంగతి కూడా చూసుకోండి. పీబీఓ గానీ ఎక్స్‌పో గానీ ఆన్ చేయడం వల్ల డ్యామేజ్ అయితే వారంటీ వర్తించదని ఏఎండీ చిన్న అక్షరాల్లో రాసే ఉంచుతుంది. ఇంటెల్ ఒకప్పుడు ఓవర్‌క్లాకర్ల కోసం విడిగా ఒక ప్రొటెక్షన్ ప్లాన్ అమ్మేది. 2021లో అదీ ఆపేసింది.

మరి ఆ బోర్డుల్లో పనికొచ్చేది ఏమీ లేదా?

ఉంది. ఓవర్‌క్లాకింగ్ పేరుతో అమ్మే ఫీచర్లలో కొన్ని ఓవర్‌క్లాక్ చేయనివాళ్లకే ఎక్కువ పనికొస్తాయని నా అభిప్రాయం.

మొదటిది వీఆర్ఎం. ఎస్ఎంపీఎస్ నుంచి వచ్చే 12 వోల్ట్‌ని ప్రాసెసర్‌కి కావలసిన 1.2, 1.3 వోల్ట్‌కి దించే భాగం ఇది. 100 వాట్లు 1.25 వోల్ట్ దగ్గర ఇవ్వాలంటే 80 ఆంపియర్లు పారాలి. ఇంట్లో మిక్సీ వాడే కరెంటుకి ఇది ఎన్ని రెట్లో చూసుకోండి. హీట్‌సింక్ లేని చవక బోర్డు మీద పెద్ద ప్రాసెసర్ పెడితే, మన వేసవిలో ఓవర్‌క్లాక్ చేయకుండానే వీఆర్ఎం వేడెక్కి స్పీడు పడిపోతుంది. అందుకే వీఆర్ఎం మీద గట్టి అల్యూమినియం దిమ్మ ఉందా లేదా చూడండి. డబ్బా మీద 16 ఫేజ్‌లు, 20 ఫేజ్‌లు అని రాస్తే వెంటనే నమ్మొద్దు, ఎనిమిదిని జంటలు కట్టి పదహారు అనడం మామూలే.

రెండోది బయాస్ ఫ్లాష్‌బ్యాక్ బటన్. అప్‌డేట్ మధ్యలో కరెంటు పోతే పీసీ బూట్ అవ్వదు. ఈ బటన్ ఉంటే పెన్ డ్రైవ్‌తో ఇంట్లోనే బతికించుకోవచ్చు. లేకపోతే బోర్డు పట్టుకుని హైవే ఎక్కి వైజాగ్ వెళ్లాలి. హైదరాబాద్ వాళ్లకి సికింద్రాబాద్ సీటీసీ ఉంది, వాళ్లకి ఈ బాధ అంతగా తెలియదు. తప్పు ఎక్కడుందో చూపించే చిన్న డీబగ్ లైట్లు కూడా ఇలాంటివే, మెకానిక్ దూరంగా ఉన్న ఊళ్లలో వాటి విలువ తెలుస్తుంది. ఫ్యాన్ హెడర్లు నాలుగైదు ఉంటే ఇంకా మంచిది.

మిగతావి నాకు అక్కర్లేదు. టాప్ బోర్డుల్లో లిక్విడ్ నైట్రోజన్ మోడ్ అని ఒక స్విచ్ ఉంటుంది. అది రికార్డులు కొట్టేవాళ్ల కోసం. 2024లో 14900కెఎస్‌ని లిక్విడ్ హీలియంతో 9.1 గిగాహెర్ట్జ్ దాటించారు, చూడటానికి అద్భుతం. మన ఊళ్లో దొరికేది ఐస్ ఫ్యాక్టరీ ఐస్, అది కూడా ముక్కాం వైపు చేపల పెట్టెలకి వెళ్లిపోతుంది.

సముద్రం సంగతి వచ్చింది కాబట్టి ఒక మాట. తీరానికి దగ్గర్లో ఉంటే ఉప్పు గాలికి క్యాబినెట్ స్క్రూలు, వెనకాల పోర్టుల రేకు తుప్పు పడతాయి. నా పాత క్యాబినెట్ స్క్రూలు రెండేళ్లకే ఊడి రానన్నాయి. వేడి తగ్గించాలని ఫ్యాన్లు ఫుల్ స్పీడులో తిప్పితే ఆ గాలినే ఇంకా ఎక్కువ లోపలికి లాగుతాం.

ఏ బోర్డు, ఏ సెట్టింగ్

ఇంటెల్‌లో ప్రాసెసర్ ఓవర్‌క్లాక్ కావాలంటే పేరులో కె ఉన్న ప్రాసెసర్, జెడ్ సిరీస్ బోర్డు రెండూ ఉండాలి. మామూలు ప్రాసెసర్‌కి జెడ్790 పెట్టి ఓవర్‌క్లాక్ అవుతుందనుకోవడం పొరపాటు. బి760లో కూడా ర్యామ్ ఎక్స్ఎంపీ పనిచేస్తుంది. ఏఎండీలో బి550, బి650, బి850 బోర్డుల్లోనే ప్రాసెసర్ ఓవర్‌క్లాకింగ్ ఉంది. ఏ520, ఏ620లో లేదు. కాబట్టి దీనికోసమని ఎక్స్ సిరీస్‌కి వెళ్లక్కర్లేదు.

ఎవరి పీసీ బాగుచేయడానికి వెళ్లినా నేను ముందు చూసేది ర్యామ్. 3200 స్పీడ్ కొని, ఎక్స్ఎంపీ ఆన్ చేయక 2400లోనో 2666లోనో నడుపుతున్నవాళ్లు ఎంతమందో! డబ్బులిచ్చి కొన్న స్పీడు అది. దానిమీద రాసిన స్పీడుకి పెట్టండి, అంతకంటే లాగకండి. పెట్టాక మెమరీ టెస్ట్ ఒక రాత్రంతా నడపండి.

ఇప్పుడు నా 5600ఎక్స్‌లో పవర్ లిమిట్ డిఫాల్ట్, కర్వ్ ఆప్టిమైజర్ మైనస్ 15. అంటే వోల్టేజ్ పెంచడానికి బదులు తగ్గించాను. స్కోరు పాత ఓవర్‌క్లాక్ కంటే కాస్త తక్కువ, టెంపరేచర్ మాత్రం బాగా దిగింది. అలాగని ఎవరో చెప్పారని మైనస్ 30 పెట్టేయకండి. లోడ్‌లో బాగానే ఉండి, ఊరికే బ్రౌజర్ తెరిచినప్పుడు రీస్టార్ట్ అవుతుంది. టెస్ట్ చేస్తే మధ్యాహ్నం రెండింటికి చేయండి, అదీ మేలో.

ఓవర్‌క్లాకింగ్ వద్దే వద్దని నేను అనను. ఆ మూడు రాత్రుల్లో నేను నేర్చుకున్న ఎలక్ట్రానిక్స్ కాలేజీ ల్యాబ్‌లో నేర్చుకోలేదు. సరదా ఉంటే సెకండ్ హ్యాండ్‌లో ఒక బి450 బోర్డు, పాత రైజెన్ తెచ్చుకుని ఇష్టమొచ్చినట్టు ఆడుకోండి. పోతే పోయింది. అన్నం పెట్టే పీసీతో మాత్రం ఆ ఆటలు వద్దు.

మా బామ్మర్ది చివరికి కోర్ ఐ5-14500, హీట్‌సింకులున్న బి760 బోర్డు తీసుకున్నాడు. వెనకాల ఎఫ్ అక్షరం ఉన్న ప్రాసెసర్ వద్దని గట్టిగా చెప్పాను. ఎఫ్ మోడళ్లలో ఇంటెల్ గ్రాఫిక్స్ ఉండదు, దాంతోపాటు క్విక్ సింక్ పోతుంది. వాడి కెమెరా ఫుటేజ్ టైమ్‌లైన్‌లో ఆగకుండా నడవాలంటే ఏ ఓవర్‌క్లాక్ కంటే అదే ముఖ్యం. మిగిలిన తొమ్మిది వేలకి ఇంకొంచెం కలిపి యూపీఎస్, పెద్ద ఎస్ఎస్‌డీ వేయించాడు. లేటెస్ట్ బయాస్ నేనే ఎక్కించి, పవర్ లిమిట్ ఇంటెల్ డిఫాల్ట్‌కి పెట్టి ఇచ్చాను.

వారం తర్వాత రాత్రి పదకొండింటికి ఫోన్.

"బావా, బయాస్‌లోకి ఎల్లినాను. ఓవర్‌క్లాక్ ఆప్షన్ కనపడ్డం లేదేటి?"