రవీంద్రభారతిలో చిందుకు ఒక్క సాయంత్రం ఇయ్యరా?

రవీంద్రుని శతజయంతి గుర్తుగా 1961లో లేచిన భవనం రవీంద్రభారతి. దానికి రూపమిచ్చింది హైదరాబాద్ వాస్తుశిల్పి మహమ్మద్ ఫయాజుద్దీన్. అసెంబ్లీకి కూతవేటు దూరం. ఖర్చయింది ప్రజల సొమ్ము. మరి ఆ వేదిక ఎవరికి దక్కింది?

సమైక్య పాలనలో అక్కడ ఎక్కువగా వెలిగినవి కూచిపూడి, పద్యనాటకం, శాలువాల సన్మానాలు. ఒగ్గు, చిందు కళాకారులను పిలవలేదని అనం. పిలిచిండ్రు. ముఖ్య అతిథి వచ్చేదాకా జనాన్ని కూర్చోబెట్టడానికి పది నిమిషాల ‘ఐటం’గా పిలిచిండ్రు.

తెల్లవార్లూ ఆడే భాగోతాన్ని పది నిమిషాలకు కుదిస్తే మిగిలేది గజ్జెల చప్పుడే. అందులో వాదన పోతది. జాంబపురాణం చూసినవాళ్లకు ఈ మాట అర్థమైతది. కులం గొప్పలు చెప్పుకునే బ్రాహ్మణుణ్ణి జాంబవంతుడు నడి ఆటలో నిలదీసి, ప్రశ్న మీద ప్రశ్న వేస్తడు. ఊరి నడుమ, పెద్దల ఎదుట ఆ ధిక్కారం వినిపించినోళ్లు చిందు మాదిగలు. ఆడవేషం, మగవేషం రెండూ కట్టి మెప్పించిన చిందుల ఎల్లమ్మ 2005లో కన్నుమూసింది. మల్లన్న కథతో రాత్రుళ్లు జాగారం చేయించిన ఒగ్గు సత్తయ్య 2017లో పోయిండు. నగరంలో వీళ్ల పూర్తి ఆటను చూసినవాళ్లు ఎందరు?

సురభితో మాకు పేచీ లేదు. 1885లో కడప జిల్లాలో పుట్టినా, ఆ కుటుంబాలు లింగంపల్లిలో స్థిరపడి మన నడుమనే బతుకుతున్నయి. కళాకారుడి కడుపుకు ప్రాంతం లేదు. మేం అడిగేది వాటా.

2002లో కామారెడ్డిలో మొదలైన ధూంధాం ఊరూరినీ కదిలించింది. 2014లో రాష్ట్రం వచ్చింది. సాంస్కృతిక సారథిలో 550 మందికి కొలువులు దొరికినయి, సంతోషమే. కానీ ప్రశ్నించిన గొంతుకు సర్కారు పథకాల పాట అప్పజెప్పిండ్రు. గద్దం సమ్మయ్యకు 2024లో పద్మశ్రీ ప్రకటించిండ్రు. పతకంతో మేళం నడవదు. మేళం నడవాలంటే ఆట ఉండాలె.

దారి లేక కాదు. అదే ప్రాంగణంలో పైడి జైరాజ్ పేరిట థియేటర్ పెట్టి, యువ దర్శకుల కోసం ‘సినివారం’ నడిపిండ్రు. సినిమాకు శనివారం దొరికినప్పుడు చిందుకు, ఒగ్గుకు, శారద కథకు ఒక వారం ఎందుకు దొరకదు?

వారానికి ఒక సాయంత్రం, పూర్తి ఆట. మేళానికి రానుపోను ఖర్చు, ఆడిన రాత్రే చేతికి పైసలు. ఫ్రీ పాసులు వద్దు, టికెట్ పెట్టుండ్రి. ఉద్యమంలో పాట విని రోడ్డెక్కిన విద్యార్థులు, పెన్‌డౌన్ చేసిన ఉద్యోగులు ఈ నగరంలోనే ఉన్నరు. వాళ్లు టికెట్ కొని చూస్తరో లేదో ఒక ఏడాది నడిపి చూడుండ్రి.